బుధవారం ఒక్కపొద్దు

పాదరసం సీసాను అరచేతిలో పెట్టుకున్నవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. సీసా బొటనవేలంత ఉంటుంది. చెయ్యి మాత్రం చప్పున కిందికి దిగిపోతుంది. ఇంత చిన్నదానిలో ఇంత బరువు ఎక్కడుందా అని దాని వంకే చూస్తాం. అటువంటి బరువొకటి ఎన్నో ఏళ్ళుగా నా లోపల ఉంది. పైకి చూస్తే అది చిన్న అబద్ధం. నవ్వుతూ చెప్పిన అబద్ధం. విన్నవాళ్ళు మురిసిపోయిన అబద్ధం. దాని కింద ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నా పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. తాండూరుకు ఆటోలో పోయి వచ్చేంత దూరంలో ఉందని మాత్రం చెబుతాను. ఇందులో వచ్చే పేర్లు అసలువి కావు. పేరు దాచుకుని ఒప్పుకుంటే అది ఒప్పుకోవడమేనా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. నా పేరు బయటపడితే నాతోపాటు ఒక చిన్నపిల్ల పేరు కూడా బయటపడుతుంది. ఆ పిల్లను నలుగురూ వేలు పెట్టి చూపడం నాకు ఇష్టం లేదు. అదే కారణమా? సగం అదే. మిగతా సగం భయం. ఒప్పుకుందామని కూర్చున్నా మొదట చేతికి తగిలేది సాకే.

నాకు యాభై దాటాక చదువు వచ్చింది. ఈ అక్షరాలు వంకర టింకరగా, వణుకుతూ ఉంటాయి. అచ్చులో మీకు ఆ వణుకు కనబడదు. అక్షరాలు నేర్పిన మనిషి సుగుణ. నేను అన్యాయం చేసింది కూడా సుగుణకే. ఈ రెండు మాటలు పక్కపక్కన రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మాది మట్టి కడిగే పని. కంసాలి దుకాణాల్లో బంగారాన్ని అరగదీసేటప్పుడు కంటికి ఆనని పొడి రాలుతుంది. అది నేలమీది దుమ్ములో, కుంపటి బూడిదలో, కూర్చునే చాపలో కలిసిపోతుంది. మా ఆయన తాండూరులోనూ వికారాబాద్‌లోనూ దుకాణాలు తిరిగి, ఊడ్చిన ఆ దుమ్మును సంచుల్లో తెచ్చేవాడు. నేను దాన్ని ఇనుప తాంబాళంలో పోసి నీళ్ళతో కడిగేదాన్ని. తేలికైనది నీళ్ళతో పోతుంది. బరువైనది అడుగున నిలుస్తుంది. ఆ అడుగు మట్టిలో పాదరసం పోసి చేత్తో పిసికితే, ఎక్కడెక్కడి బంగారు పొడినీ అది తనలోకి లాక్కుంటుంది. తర్వాత దాన్ని పాత పంచె గుడ్డలో మూటకట్టి పిండాలి. పాదరసం చుక్కలు చుక్కలుగా గుడ్డలోంచి బయటికి వస్తుంది. లోపల చిన్న ముద్ద మిగులుతుంది. ముద్దను కుంపటి మీద కాలిస్తే మిగిలిన పాదరసం పొగై పోతుంది, బంగారం నిలుస్తుంది. పెళ్ళయి వచ్చిన ఏడాదే మా అత్త నాకు ఇది నేర్పింది. చేతులకు తొడుగులుండాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

మా ఇంటి వెనక నాపరాయి తీసి వదిలేసిన పెద్ద గుంత ఉంది. మా వైపు గోడలకు బండలే, పైకప్పుకు బండలే, కంది చేల చుట్టూ నిలబెట్టేవీ బండలే. రాయి అయిపోయాక గుంతలను అట్లాగే వదిలేస్తారు. వానలకు నిండుతాయి. మా గుంత ఎండాకాలంలో కూడా ఎండేది కాదు. నీళ్ళు లోపలికి వచ్చే దారి ఉంది గానీ బయటికి పోయే దారి లేదు. నేను మట్టి కడిగిన నీళ్ళన్నీ అందులోకే పోయేవి. పాదరసం చుక్కలు మెరుస్తూ బండల మీద జారి నీళ్ళలో పడటం ఎన్నోసార్లు చూశాను. ఏరుకోగలిగినవి ఏరుకున్నాను. మిగతావి పోయాయి అనుకున్నాను. పోవడమంటే ఎక్కడికి పోవడం? ఆ ప్రశ్న నాకు రాలేదు. బరువైనది అడుగుకు పోతుంది. నా పనంతా ఆ ఒక్క నమ్మకం మీదే నడిచింది.

ఆ గుంతలో చేపలుండేవి. ఎవరు వేశారో తెలియదు. అంచుల్లో నాచు మధ్య పరకపిల్లలు, వాటిని తినే జెల్లలు, అన్నింటినీ తినే కొర్రమీనులు. మేము తినేవాళ్ళం. ఊళ్ళో చాలామంది తినేవాళ్ళు.

మా ఆయనకు చివరి రోజుల్లో చేతులు వణికేవి. మందు ముట్టని మనిషిని చూసి తాగుడు వణుకు అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆయన పోయాక కూడా నేను పని మానలేదు. దుకాణాలవాళ్ళు నన్ను ఎరుగుదురు. సంచులు ఆటోలో పంపేవాళ్ళు. తర్వాత నా చేతులు కూడా వణకడం మొదలుపెట్టాయి. వయసు అనుకున్నాను.

సుగుణ మోమిన్‌పేట్ వైపు పిల్ల. మా ఎదురింటికి కోడలిగా వచ్చింది. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. భర్త తాండూరులో బండలకు పాలిష్ పట్టే మిషన్ మీద పని చేసేవాడు. సుగుణ ఇంటర్ దాకా చదివింది. ఊళ్ళో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే పని ఒప్పుకుని ఆడవాళ్ళను పోగుచేసింది. మొదట ఇల్లంతా నిండింది. కంది కోతలు మొదలయ్యేసరికి ఒక్కొక్కరే మానేశారు. నేనొక్కదాన్నే మిగిలాను. ఒక్కదాని కోసం బడి ఎందుకని సుగుణ అనలేదు. పొద్దుగూకే వేళ పలక పట్టుకుని తనే మా ఇంటికి వచ్చేది.

నేను 'అ' రాస్తే అది పలక మీద వణికేది. సిగ్గేసేది. ఆమె నా మణికట్టు పట్టుకుని, "వణికితె వణకనీ చిన్నమ్మా. అక్షరం తెలుస్తుందా లేదా, గంతే" అనేది. నా పేరు నేను మొదటిసారి రాసుకున్న సాయంత్రం ఆమె నాకంటే ఎక్కువ సంతోషపడింది. మా ఆయన పోయాక నా గడపలో కూర్చుని నాతో అంతసేపు మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసినదానికి డబ్బు కారణమని మీరు అనుకోకూడదు. పని పోతుందనే దిగులు ఉంది, లేదనను. కానీ అసలు భయం అది కాదు. సుగుణ మళ్ళీ నా గడప తొక్కదేమోనని.

ఆమెకు కడుపు నిలిచింది. మా వైపు కడుపుతో ఉన్నదానికి కొర్రమీను పెడతారు. నీళ్ళలోంచి తీశాక కూడా చాలాసేపు బతికుండే చేప అది. అంత గట్టి ప్రాణాన్ని తింటే తల్లికీ బిడ్డకూ బలమని నమ్మకం. చేప ఎంత పెద్దదైతే అంత మంచిదంటారు. నాకు గాలం వేయడం వచ్చు. చిన్నవి పడితే వదిలేసి పెద్దవాటి కోసం కాచుకునేదాన్ని. పులుసు పెట్టి ఎదురింటికి పట్టుకుపోయేదాన్ని. అక్షరాలు నేర్పినందుకు నేను ఆమెకు ఇవ్వగలిగింది అదొక్కటే. ఏరి ఏరి పెద్దవే ఇచ్చాను. అప్పటికి నాకేమీ తెలియదు. నా ఒప్పుకోలు అప్పటి చేపల గురించి కాదు. వాటికి ఏడుస్తాను, అంతే.

తెలిసింది తర్వాత.

హైదరాబాద్ నుంచి ఒక కాలేజీ మేడం వచ్చింది. అంతకుముందొకసారి వచ్చి మా వైపు నాలుగైదు గుంతల్లో నీళ్ళు, బురద, చేపలు పట్టుకుపోయింది. ఈసారి ఫలితం చెప్పడానికి వచ్చింది. ఊరంతా కంది చేలల్లో ఉన్నారు. గుంతకు దగ్గరి ఇల్లు మాదే. ఇంట్లో నేనొక్కదాన్నే. చల్ల ఇస్తే తాగి, అరుగు మీద కూర్చుని నిదానంగా చెప్పింది. ఈ గుంత చేపల్లో పాదరసం ఉందట. చిన్నవాటిలో తక్కువ, కొర్రమీనుల్లో చాలా ఎక్కువట.

ఆ మాట వినగానే నాకు నవ్వు వచ్చింది. పాదరసం సంగతి నాకు చెబుతోంది ఈమె. అది చేపలోకి ఎట్లా పోతుంది? అడుగున పడి ఉండే సరుకు కదా. అదే అడిగాను, ఏమీ ఎరగనట్టు. ఆమె విసుక్కోకుండా చెప్పింది. అడుగు బురదలో కంటికి కనబడని జీవాలుంటాయట. అవి పాదరసాన్ని ఇంకో రూపానికి మారుస్తాయట. అది నాచులోకి, నీటి పురుగుల్లోకి పోతుంది. పురుగులను పరకపిల్ల తింటుంది. పరకపిల్లలను జెల్ల, జెల్లలను కొర్రమీను. తిన్నది తిన్నట్టు ఒంట్లోనే నిలుస్తుంది కాబట్టి పైకి పోయేకొద్దీ ఎక్కువవుతుంది. చేప ఎంత పెద్దదైతే అంత ఎక్కువ. చుక్కగా మెరవదు, కడిగితే పోదు, ఉడికిస్తే పోదు, కండలో కండగా ఉంటుందని చెప్పింది. పెద్దవాళ్ళకంటే కడుపులో బిడ్డకు ప్రమాదమని, మెదడు తయారయ్యే వేళ అది తల్లి రక్తంలోంచి బిడ్డకు పోతుందని చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ గుంత చేప పెట్టవద్దని ఆడవాళ్ళందరికీ మీరే చెప్పండమ్మా అని, నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. నా చెయ్యి వణుకుతోంది. ఆమె దాని వంక చూసింది.

అప్పుడు అడిగింది. ఈ చుట్టుపక్కల పాదరసంతో పని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, బంగారం మట్టి కడిగేవాళ్ళలాంటివాళ్ళు?

తాంబాళం గోడకు బోర్లించి ఉంది. కుంపటి పక్కనే ఉంది.

లేరమ్మా అన్నాను.

ఆమె తాంబాళం వంక చూస్తే పప్పు కడుగుతానని చెప్పాను. అయితే దూరం నుంచి పొగతోనో వానతోనో వస్తుందేమో, అటువైపు చూడాలి అంటూ లేచింది. పంచాయతీలో కూడా చెబుతానంది. చెప్పిందో లేదో, ఆ మాట మాత్రం ఊళ్ళో ఏ ఇంటికీ రాలేదు. రావలసిన దారిలో నేనున్నాను. ఆమె నాకు అప్పగించి పోయింది.

సుగుణకు చెప్పాలి. ఆ సాయంత్రమే చెప్పాలి. చేప తినొద్దు అంటే ఎందుకు అంటుంది. పాదరసం అంటే, అది గుంతలోకి ఎట్లా వచ్చింది చిన్నమ్మా అంటుంది. నేను మట్టి కడగడం ఆమె రోజూ చూసే పనే. ఆమెకు లెక్క అర్థం కావడానికి రెప్పపాటు చాలు. ఇన్నాళ్ళు నా చేత్తో పెట్టిన పులుసులన్నీ ఆమెకు గుర్తొస్తాయి. పలక పట్టుకుని లేచి పోతుంది. అట్లా పోవడం నా కళ్ళకు కనబడింది. చెప్పలేదు.

దారి ఒకటి ఆలోచించాను. గుంత చేప మానేసి తాండూరు మార్కెట్లో కోట్‌పల్లి చెరువు చేప కొని, మన గుంతదే అని పెట్టాను. మంచిపని అనుకున్నాను. సుగుణ అత్త గిన్నె మూత తీసి, ముక్క విరిచి చూసి, నా మొహం వంక చూసింది. "గిది సచ్చిన చేప. మంచుల పెట్టిన చేప. ఇన్నొద్దులు బతికున్నది తెచ్చి ఇప్పుడేందక్కా, పాఠం అయిపోయిందా? పలక పట్టుడు వచ్చినంక పంతులమ్మతోని పనేంది లే" అంది. సుగుణ "ఊకోవే అత్తా" అని నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. ఒక్క మాట చాలు కదా అప్పుడు. అవును, బయటి చేప, ఎందుకంటే ఇదీ సంగతి. ఆ గడపలోనే తలుపు తెరుచుకుంది. నేను వెనక్కి వచ్చాను.

రెండు రోజులకు మళ్ళీ గాలం పట్టుకుని గుంత దగ్గర కూర్చున్నాను.

ఆ రోజు చేసిన పని చెబితే మీరు నవ్వుతారేమో. పెద్ద కొర్రమీను పడింది. చీరి, పేగులు తీసి, ఉప్పూ పసుపూ వేసి, తాంబాళంలో మట్టి కడిగినట్టే కడిగాను. ఎన్ని నీళ్ళు మార్చానో. తర్వాత ఒక ముక్క కండ తీసి నలిపి, పాదరసం పిండే గుడ్డలో మూటకట్టి, ఉన్న బలమంతా పెట్టి పిండాను. చుక్క మెరవలేదు. ఎండలోకి తీసుకుపోయి చూశాను. ఏమీ లేదు. ఉత్త నీళ్ళు. పాదరసం ఉంటే నా గుడ్డకు తెలియకుండా ఉంటుందా? పెళ్ళయిన నాటి నుంచి దాన్ని పిండుతున్నదాన్ని నేను. ఆ మేడం పుస్తకాలు చదివింది, చేతితో ముట్టుకున్నదా? ఇట్లా నాకు నేనే చెప్పుకున్నాను. కండలో కండగా ఉంటుంది, మెరవదు అని ఆమె చెప్పిన మాట చెవిలో ఉంది. దాని మీద నా గుడ్డ కప్పాను.

నమ్మానా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నది ఇదే. నమ్మి పెట్టి ఉంటే అది తెలివితక్కువతనం. తెలివితక్కువతనానికి శిక్ష వేరు. నమ్మానని చెప్పుకుని చాలా రాత్రులు నిద్రపోయాను. కానీ ఆ పగలు జరిగిన ఇంకొక సంగతి నన్ను పట్టిస్తుంది.

పులుసు పెట్టాను. సుగుణ తనే మా ఇంటికి వచ్చింది. ఏడో నెల. మెల్లగా గోడ పట్టుకుని కూర్చుంది. నేను ఒక్క పళ్ళెమే పెట్టాను.

"నువ్వు తినవా చిన్నమ్మా?"

"నువ్వు తిను బిడ్డా. ఇయ్యాల నాకు ఒక్కపొద్దు."

"ఇయ్యాల బుధవారం గదనే. బుధవారం ఏ దేవుడే మీకు?"

"మొక్కుకున్న."

"గంత పెద్ద చేప వండి, ఎదురుంగ కూసోని ఒక్కపొద్దంటవా? నోట్ల నీళ్ళూరుతలేవా?" అని నవ్వి, ముద్ద నోటిదాకా తీసుకుపోయి ఆగింది. "ఏం మొక్కే? నా కడుపుల బిడ్డకేనా?"

నేను తల ఊపాను.

"నిజంగనా?"

"ఔ బిడ్డా. సల్లంగ కావాలని."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎడమ చేత్తో నా మోకాలు పట్టుకుంది. "మా అమ్మ గూడ ఉండలే చిన్నమ్మా నా కోసం గిట్ల" అంది. తిన్నది. మళ్ళీ వేయమంటే వేశాను. ముల్లు తీసి ఇచ్చాను.

అప్పటిదాకా నేను ఏనాడూ ఒక్కపొద్దు ఉన్నదాన్ని కాదు. ఆ రోజు కడుపు కాలుతోంది. పొద్దుటి నుంచి చాయ తప్ప ఏమీ లేదు. గుడ్డ చెప్పిన మాట నేను నమ్మి ఉంటే నా పళ్ళెంలో కూడా ముక్క ఉండేది. లేదు. నా చెయ్యి గరిటె దాకా పోయి ఆగిపోయింది. నా నోటికి తెలిసింది. నా చేతికి తెలిసింది. ఆ మధ్యాహ్నం నేను చట్నీతో నాలుగు మెతుకులు తిన్నాను, సుగుణ పోయాక, తలుపు వేసుకుని.

ఆ తర్వాత కూడా ఆమె కాన్పుకు పుట్టింటికి పోయేదాకా పెట్టాను. ఒకసారి పెట్టాక మానడానికి కారణం దొరకలేదు. ప్రతిసారీ ఏదో ఒక సాకుతో నా పళ్ళెం తప్పించాను.

పాప పుట్టింది. కృప అని పేరు పెట్టారు. చూడటానికి బంగారు బొమ్మలా ఉండేది. మెడ నిలవడం ఆలస్యమైంది. కూర్చోవడం ఆలస్యమైంది. తోటి పిల్లలు పరుగెత్తే వయసులో గోడ పట్టుకుని నిలబడేది. మాట వచ్చింది గానీ ముద్దగా వచ్చింది. చేతిలో పెట్టినది జారిపోయేది. తాండూరులో చూపించారు, వికారాబాద్‌లో చూపించారు, హైదరాబాద్ కూడా పోయారు. ఒక డాక్టరు ఒక మాట, ఇంకో డాక్టరు ఇంకో మాట. కారణం చెప్పలేమన్నారు.

నేనూ చెప్పలేను. ఇది నిజం. ఆ చేపల వల్లే అయిందని ఎవరూ తేల్చలేదు. అటువంటి చేపలే తిన్న ఇంకొకామెకు పుట్టిన పిల్లవాడు బాగానే ఉన్నాడు. అందులో ఎన్నో ఏళ్ళు తలదాచుకున్నాను. తెలియదు కదా, ఎవరికీ తెలియదు కదా అని. కానీ డాక్టర్లకు ఎందుకు తెలియలేదు? అడగవలసిన ప్రశ్న వాళ్ళు అడగలేదు. అడగాలని వాళ్ళకు చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నేను చెప్పలేదు.

ఊరికి మాత్రం కారణం దొరికింది. సుగుణ అత్త అందరి ముందూ అనేది, కడుపుతోని ఉండి పొద్దుమీకి పలక పట్టుకుని తిరిగిందని, సందె వేళ గాలి సోకిందని. ఎక్కడికి తిరిగింది? మా ఇంటికే. ఎవరి కోసం? నా కోసమే. ఆ మాటలు నేను ఎదురుగా కూర్చుని విన్నాను. సుగుణ తల వంచుకుని పాప కాళ్ళకు నూనె రాస్తూ ఉండేది. ఎప్పుడైనా తల ఎత్తి, "చిన్నమ్మ నా బిడ్డ కోసం ఒక్కపొద్దులున్నది, నువ్వేం జేసినవ్" అని అత్తను అడిగేది. నన్ను చూపించి అడిగేది.

పాపకు ఏడాది నిండాక గానీ నేను మట్టి కడగడం మానలేదు. ఇదీ రాయాలి. ముందే మానానని రాయబోయాను, కొట్టేశాను. మానాక, గుంత చేప ఎవరూ తినకూడదని గుంతలో ఏదో ఉందని పుకారు పుట్టించాను. సందెవేళ ఆడమనిషి ఏడుపు వినిపిస్తోందని చెప్పాను. ఆడవాళ్ళు భయపడి రావడం తగ్గించారు. మగవాళ్ళు నవ్వి వలలు వేస్తూనే ఉన్నారు. నిజం చెబితే నిలిచేవాళ్ళను అబద్ధంతో ఆపబోయాను. మిగిలిన పాదరసం సీసా ట్రంకు పెట్టెలో చీరల కింద ఉంది. ఎక్కడ పారేసినా అది పోదని ఇప్పుడు నాకు తెలుసు.

ఇంకొకటి కూడా చేశాను. ఆ పులుసు పెట్టిన నాటి నుంచి ప్రతి బుధవారం ఒక్కపొద్దు ఉంటున్నాను. ఇప్పటికీ ఉంటున్నాను. ఏ దేవుడికో నాకు తెలియదు. చెప్పిన అబద్ధాన్ని వెనక నుంచి నిజం చేద్దామనుకున్నానేమో. కాలేదు. ఎన్ని బుధవారాలు పెట్టినా ఆ ఒక్కటి నిండదు.

సుగుణ ఇప్పుడు వికారాబాద్‌లో గది అద్దెకు తీసుకుని ఉంటోంది. అక్కడ కృపకు కాళ్ళకూ మాటకూ వ్యాయామాలు చేయిస్తారు. నేను అప్పుడప్పుడు తాండూరులో రైలెక్కి పోయి చూసి వస్తాను. మొన్న పోయినప్పుడు సుగుణ బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా చెప్పింది. భర్త ఇంకో బిడ్డ కావాలంటున్నాడట. తను వద్దంటోందట. "నా కడుపుల పెరిగితె మళ్ళ గిట్లనే అయితది చిన్నమ్మా. మా అత్త అన్నదే నిజమేమో. నేను తిరగకుండ ఉంటే నా బిడ్డ మంచిగుండేదేమో" అంది. అత్త మాటకు ఎదురు చెప్పే మనిషి, ఇన్నేళ్ళకు ఆ మాటనే తన మాటగా చెబుతోంది.

నేను నోరు తెరిచాను. అప్పుడే కృప రొట్టె ముక్క పట్టుకుని గోడ వెంబడి నడిచి వచ్చింది. పడకుండా వచ్చింది. ఆ ముక్కను నా నోట్లో పెట్టింది. "ఇయ్యాల బుధవారం గదనే, అమ్మమ్మకు ఒక్కపొద్దు, నీ కోసమే ఉంటది" అని సుగుణ పాపను వారించింది. పాప వినలేదు. నవ్వుతూ ఇంకా లోపలికి నెట్టింది. నేను తిన్నాను. రొట్టెతోపాటు చెప్పవలసిన మాటనూ మింగాను. తిరుగు రైల్లో ఏడవలేదు. ఇంటికి వచ్చి కాగితాలు తీశాను.

రాస్తుంటే చెయ్యి వణుకుతోంది. వణకనీ. అక్షరం తెలుస్తోంది.

నన్ను క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడిగితే సుగుణ క్షమిస్తుందేమోననే భయం కూడా ఉంది. ఆమె మంచితనాన్ని నేను ఇప్పటికే చాలా తిన్నాను. ఆమె చేసినది ఏదీ తప్పు కాదని ఆమెకు తెలియాలి. కృపను చూసే డాక్టరుకు ఈ సంగతి తెలియాలి. గుంత సంగతి పంచాయతీకి, ఊరికి తెలియాలి. ఇంతే కావాలి. రేపు పొద్దున్నే రైలెక్కుతాను. సీసా కూడా పట్టుకుపోతాను, డాక్టరుకు చూపాలి.

ఈ కాగితాలు మొదట సుగుణ చదువుతుంది. ఆమె వద్దంటే మీదాకా రావు. మీరు ఇది చదువుతున్నారంటే, ఆమె చదివిందనే అర్థం. చదివి ఏమన్నదో ఇందులో ఉండదు. అది ఆమెది.

ఒక్కటి మాత్రం నిజం. నిన్నటిదాకా ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు, ఇప్పుడు ఈ కాగితాలకు కూడా తెలుసు. ఈ పూట గుండె మీద చెయ్యి వేసుకుంటే, బరువు పోలేదు గానీ ఊపిరి ఆడుతోంది.

సుగుణా, ఆ బుధవారం నాకు ఒక్కపొద్దు లేదు. ఆకలిగానే ఉన్నాను. ఆ చేప తినడానికి నేను భయపడ్డాను. నీకు పెట్టాను.